లాగడం సరే, ఆపడం సంగతేంటి?

డీజిల్ పికప్ కొనుక్కుని వెనకాల క్యాంపరో, పడవో, సామాను ట్రెయిలరో తగిలించుకుని తిరిగే మనవాళ్లు అమెరికాలో చాలామందే ఉన్నట్టున్నారు, ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో వాళ్లదే హడావిడి. ఎక్కువమంది అడిగేది ఒకటే, పవర్ ఎలా పెంచాలి అని. నా మటుకు నాకు 2011 తర్వాత వచ్చిన ఏ హెవీ డ్యూటీ డీజిల్‌కైనా పవర్ చాలదని చెప్పడానికి మనసొప్పదు. చాలనివి వేరే ఉన్నాయి. కింద జవాబుల్లో పదే పదే అక్కడికే వస్తాను, విసుక్కోకండి.

ప్రశ్న: అన్నా, సెకండ్ హ్యాండ్‌లో 2017 ఎఫ్-250 డీజిల్ కొన్నాను, క్రూ క్యాబ్, ఫోర్ బై ఫోర్. ఫిఫ్త్ వీల్ (పికప్ బెడ్‌లో బిగించిన హిచ్‌కి తగిలించే ట్రెయిలర్) అయితే 15,000 పౌండ్లు లాగుతుందని బ్రోషర్‌లో చూపించారు. 13,500 పౌండ్ల జీవీడబ్ల్యూఆర్ (సామానుతో సహా ఉండగల గరిష్ఠ బరువు) ఉన్న ఫిఫ్త్ వీల్ క్యాంపర్ ఒకటి చూసిపెట్టుకున్నాం. డోరు దగ్గర స్టిక్కర్ మీద మాత్రం 2,150 అని ఏదో ఉంది. వెనక ఎయిర్ బ్యాగులు వేయిస్తే సరిపోతుందని క్యాంపర్ అమ్మేవాళ్లు అంటున్నారు. నిజమేనా? (ఫ్రిస్కో, టెక్సాస్)

జవాబు: తమ్ముడూ, ఆ 'ఏదో' నంబరే అసలు నంబరు. డ్రైవర్ డోరు తీస్తే పక్కన పసుపు పట్టీ ఉన్న స్టిక్కర్ కనపడుతుంది, మనుషులూ సామానూ కలిపి ఇన్ని పౌండ్లకి మించకూడదని దాని మీద రాసి ఉంటుంది. అది సరిగ్గా నీ బండికి, అందులో ఉన్న డీజిల్ ఇంజిన్‌కీ సన్‌రూఫ్‌కీ లెదర్ సీట్లకీ అన్నిటికీ లెక్కగట్టి ఫ్యాక్టరీలో అంటించింది. బ్రోషర్‌లో పెద్ద నంబరు ఏ హంగులూ లేని బండికి, లోపల పెద్దగా మనుషులు లేకుండా కట్టిన లెక్క.

ఇప్పుడు నీ లెక్క వేద్దాం. నువ్వూ మీ ఆవిడా ఇద్దరు పిల్లలూ కలిపి 560 పౌండ్లు అనుకో. బెడ్‌లో బిగించే ఫిఫ్త్ వీల్ హిచ్ ఒక 200. కూలరూ, టూల్సూ, గొలుసులూ, చెక్క దిమ్మలూ ఒక 100. అన్నీ కలిపి 860 అయింది, 2,150లోంచి తీసేస్తే మిగిలింది 1,290. ఫిఫ్త్ వీల్ తన బరువులో 15 నుంచి 25 శాతం దాకా పిన్ మీద, అంటే తిన్నగా నీ బండి నడుం మీద మోపుతుంది. మధ్యేమార్గంగా 20 శాతం అనుకున్నా 13,500కి 2,700 అవుతుంది. ఉన్న చోటు 1,290, పెట్టబోయేది 2,700. ఇందులో మీ అత్తగారూ మామగారూ ఇండియా నుంచి వచ్చినప్పుడు వెనక సీట్లో కూర్చునే లెక్క ఇంకా వేయలేదు.

ఎయిర్ బ్యాగులు కుంగిపోయిన వెనక భాగాన్ని పైకి లేపుతాయి, చూడటానికి బండి తిన్నగా ఉంటుంది, అంతే. యాక్సిల్ మారదు, టైరు మారదు, బ్రేకు మారదు, స్టిక్కర్ మీద నంబరూ మారదు. అమ్మేవాడికి ఈ లెక్కతో పని లేదు, క్యాంపర్ గేటు దాటితే వాడి బాధ్యత తీరిపోయింది.

ఆ క్యాంపరే కావాలంటే ఎఫ్-350 చూడు, ఇంజిన్ అదే. ఎఫ్-250 జీవీడబ్ల్యూఆర్ 10,000 దగ్గర ఆగిపోతే, ఎఫ్-350 సింగిల్ వీల్‌కి ఆ ఏడాది మోడల్లోనే 11,500 దాకా ఉంది, ఆ 1,500 పౌండ్ల కోసమే జనం 350 కొనేది. ఉన్న బండి ఉంచుకోవాలంటే వెనక బాల్‌కి తగిలించే ట్రావెల్ ట్రెయిలర్, నిండా సామాను వేసినా 9,000 పౌండ్లు దాటనిది తీసుకో. వాటి టంగ్ వెయిట్, అంటే హిచ్ మీద మోపే బరువు, 10 నుంచి 15 శాతం, 15 వేసుకున్నా 1,350. ఆ పెద్ద హిచ్ బదులు వంద పౌండ్ల వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ (బరువుని మిగతా చక్రాలకీ పంచేది) వస్తుంది కాబట్టి అంచు మీదైనా పడుతుంది.

ఏది కొన్నా మొదటి ట్రిప్పుకి ముందు ట్రక్ స్టాప్‌లో క్యాట్ స్కేల్ (లారీలు తూచే కాటా) ఎక్కించు. ముందు చక్రాలు ఒక పలక మీద, వెనక చక్రాలు రెండో దాని మీద, ట్రెయిలర్ చక్రాలు మూడో దాని మీద ఉండేలా ఆపాలి. కాటా వాళ్లతో మాట్లాడే బటన్ పెద్ద లారీ డ్రైవర్ కిటికీ ఎత్తులో ఉంటుంది, పికప్‌లోంచి చెయ్యి అందదు, దిగాల్సి వస్తే మొహమాటపడకు, అందరూ దిగుతారు. ఒకసారి ట్రెయిలర్‌తో, ఇంకోసారి ట్రెయిలర్ పక్కన విప్పేసి బండి ఒక్కటీ తూయించు. అదే చోట 24 గంటల్లోపు రెండోసారికి చాలా తక్కువ తీసుకుంటారు. రెండు చీటీలూ పక్కపక్కన పెడితే బండి మీద ఎంత మోపుతోందో, యాక్సిల్ పరిమితిలో ఉందో లేదో నీకే తెలిసిపోతుంది. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ బార్లు ఉంటే టంగ్ వెయిట్ తెలియడం కోసం ఆ బార్లు వదులు చేసి కూడా ఒకసారి తూయించాలి.

ప్రశ్న: నాది 2015 సియెరా 2500, డ్యూరామ్యాక్స్ డీజిల్, 1,20,000 మైళ్లు తిరిగింది. వారాంతాల్లో పడవ లాగుతాను. సీపీ4 పంపు పోతే ఇంజిన్ సగం మార్చాలని యూట్యూబ్ నిండా చెబుతున్నారు, అప్పటి నుంచీ నిద్ర పట్టట్లేదు. లిఫ్ట్ పంపు వేయిస్తే చాలా? (హ్యూస్టన్)

జవాబు: భయపడాల్సిన విషయమే, అయితే రేపే పోతుందని కాదు. 2011 నుంచి 2016 దాకా వచ్చిన ఎల్‌ఎమ్‌ఎల్ డ్యూరామ్యాక్స్‌లో బాష్ వాళ్ల సీపీ4 హై ప్రెషర్ పంపు ఉంటుంది. ఫోర్డ్ 6.7లోనూ ఉండేది అదే. ఈ పంపుకి విడిగా ఆయిల్ అంటూ ఏమీ లేదు, లోపల తిరిగే డీజిలే దానికి జిడ్డు. కామ్ మీద రోలర్ దొర్లుతూ ప్లంజర్‌ని పైకి నెడుతుంది. డీజిల్లో నీళ్లో గాలో పెట్రోలో కలిసి ఆ జిడ్డు తగ్గిందనుకోండి, రోలర్ దొర్లడం మానేసి అడ్డం తిరుగుతుంది, కామ్‌ని చెక్కేస్తుంది, ఆ ఇనుప రజను ఫ్యూయల్ రెయిల్లోకీ, ఎనిమిది ఇంజెక్టర్లలోకీ, రిటర్న్ లైన్‌లోంచి తిరిగి ట్యాంకులోకీ పోతుంది. అప్పుడు పంపు ఒక్కటీ మార్చి ఊరుకోవడానికి లేదు, డీజిల్ తాకిన ప్రతిదీ మార్చాలి. బిల్లు తడిసి మోపెడై పది వేల డాలర్ల దగ్గరికి పోతుంది.

అమెరికా డీజిల్‌లో జిడ్డు కొంచెం తక్కువే. జిడ్డు పరీక్షలో లోహం మీద పడే అరుగుదల మచ్చ యూరప్ ప్రమాణంలో 460 మైక్రాన్లు దాటకూడదు, ఇక్కడి ఏఎస్‌టీఎమ్ డీ975 ప్రమాణం 520 దాకా ఒప్పుకుంటుంది. ర్యామ్ వాళ్లు 2019, 2020 మోడళ్ల కమిన్స్‌లకి ఇదే పంపు పెట్టి, 2021 చివర్లో రెండు లక్షల ఇరవై వేలకి పైగా బండ్లని రీకాల్ చేసి పాత సీపీ3కి వెళ్లిపోయారు. జీఎమ్ కూడా 2017లో వచ్చిన ఎల్‌5పీ ఇంజిన్‌కి డెన్సో పంపు పెట్టుకుంది. ఎవరికి వాళ్లు దాన్ని వదిలించుకున్నారంటే ఊరికే కాదు కదా.

మీ బండికి ఇంకో ఇబ్బంది ఉంది. ఎల్‌ఎమ్‌ఎల్‌లో ట్యాంకు నుంచి డీజిల్ తోసే లిఫ్ట్ పంపు ఫ్యాక్టరీ నుంచే లేదు, సీపీ4 తనకి కావలసింది తనే పీల్చుకోవాలి. పీల్చే లైన్లో ఎక్కడ చిన్న లీకున్నా డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది, మనకి తెలియను కూడా తెలియదు. అందుకే లిఫ్ట్ పంపు మంచిదే. కానీ నన్నడిగితే ముందు పంపు మీద ఉండే మీటరింగ్ వాల్వు విప్పించి, దాని సన్నటి జాలీని టార్చి వేసి చూడమనండి. మెరిసే రజను కనిపిస్తే బండిని మళ్లీ స్టార్ట్ చేయొద్దు, అక్కడే ఆపేయండి. శుభ్రంగా ఉంటే బైపాస్ కిట్ వేయించుకోండి, పంపు పోయినా ఆ రజను ఇంజెక్టర్ల వైపు పోకుండా ట్యాంకు వైపు మళ్లిస్తుంది. పంపుని కాపాడదు గానీ మిగతా తొమ్మిది వేల డాలర్ల సరంజామాని కాపాడుతుంది. లిఫ్ట్ పంపు ఆ తర్వాత. సీపీ3 పెట్టించే ఆలోచన ఉంటే కిట్‌కి కార్బ్ ఈఓ నంబరు (కాలిఫోర్నియా కాలుష్య బోర్డు ఆమోద నంబరు) ఉందో లేదో అడిగి మరీ కొనండి.

వీటన్నిటికన్నా చవకైనది ఫ్యూయల్ ఫిల్టర్. మాన్యువల్‌లో చెప్పిన మైళ్ల కన్నా కాస్త ముందే మార్చండి, నీళ్ల డ్రెయిన్ అప్పుడప్పుడు ఒక గాజు సీసాలోకి వదిలి చూడండి. పడవ లాగేవాళ్లు రేవు పక్కన ఎవరూ డీజిల్ కొట్టించుకోని బంకుల్లో పట్టించుకుంటుంటారు, అక్కడి ట్యాంకుల్లో నీళ్లు చేరే అవకాశం ఎక్కువ, పెద్ద లారీలు బారులు తీరే చోట పట్టించండి. ఇంకో సంగతి, ఆకుపచ్చ హ్యాండిల్ అంటే డీజిల్ అని అలవాటుపడిపోయాం గానీ బీపీ బంకుల్లో ఆకుపచ్చది పెట్రోలు. పొరపాటున పోస్తే తాళం కూడా తిప్పకండి, తాళం తిప్పగానే పంపులు పనిచేసే బండ్లున్నాయి. టో ట్రక్కుని పిలిచి ట్యాంకు దింపించుకుంటే కొన్ని వందలతో పోతుంది.

ప్రశ్న: 2020 డ్యూరామ్యాక్స్‌తో 8,500 పౌండ్ల ట్రెయిలర్ తగిలించుకుని ఐ-70 మీద ఐసెన్‌హోవర్ టన్నెల్ దాటి సిల్వర్‌థార్న్ వైపు దిగుతుంటే బ్రేకులు కాలిన వాసన వచ్చింది, పెడల్ మెత్తబడింది. పెద్ద రోటార్లు, మంచి ప్యాడ్లు వేయించాలా? ఏ కంపెనీవి? (అరోరా, కొలరాడో)

జవాబు: ప్యాడ్ల కంపెనీ సంగతి తర్వాత, ముందు ఆ దిగుడులో మీ కాలు ఎక్కడుందో చెప్పండి. ఆ టన్నెల్ పడమటి ముఖం 11,158 అడుగుల ఎత్తులో ఉంది, అక్కడి నుంచి దాదాపు 8 మైళ్లు 7 శాతం వాలు. మధ్యలో బ్రేకులు ఫెయిలైన లారీల కోసం రెండు గులకరాళ్ల ర్యాంపులు కట్టారంటేనే ఆ దారి సంగతి తెలుస్తుంది. బండీ ట్రెయిలరూ కలిసి 16,000 పౌండ్లు ఉంటుంది, అంత బరువుని 8 మైళ్లు పెడల్ మీద పట్టుకుని దింపితే ఏ ప్యాడ్ అయినా కాలుతుంది.

మీ బండిలో ఎగ్జాస్ట్ బ్రేక్ బటన్ ఉంది. నొక్కితే టర్బోలో రెక్కలు ముడుచుకుని పొగని తేలిగ్గా పోనివ్వవు, ఇంజిన్ తనే బండిని వెనక్కి పట్టుకుంటుంది. దానితోపాటు టో/హాల్ మోడ్ వేస్తే గేరు పైకి పోకుండా కిందే ఉంటుంది. ఈ రెండూ టన్నెల్లో ఉండగానే వేసుకోవాలి, స్పీడు అందుకున్నాక కాదు. మన శ్రీశైలం ఘాట్‌లో 'ఎక్కిన గేరులోనే దిగు' అని డ్రైవర్లు చెప్పేది ఇక్కడా పనికొస్తుంది. అయినా స్పీడు పెరుగుతుంటే పెడల్ గట్టిగా తొక్కి ఒక పది మైళ్లు తగ్గించి పూర్తిగా వదిలేయండి, చల్లారనివ్వండి, మళ్లీ పెరిగితే మళ్లీ తొక్కండి. సన్నగా తొక్కి పట్టుకోవడమే బ్రేకుల్ని చంపేది.

రెండోది, ట్రెయిలర్ బ్రేకులు తమ వాటా పని చేస్తున్నాయా అన్నది. చాలామంది కంట్రోలర్ గెయిన్ (ట్రెయిలర్ బ్రేకు ఎంత గట్టిగా పడాలో చెప్పే సెట్టింగు) ఒకసారి ఎవరో పెట్టిన చోటే వదిలేస్తారు. ఖాళీ పార్కింగ్ లాట్‌లో 20, 25 మైళ్ల స్పీడులో వెళ్తూ పెడల్ ముట్టుకోకుండా డ్యాష్ మీది చేతి మీట ఒక్కటే పూర్తిగా నొక్కండి. ట్రెయిలర్ చక్రాలు కొద్దిగా జారి కట్టుబడేదాకా గెయిన్ పెంచుకుంటూ పోయి, అక్కడి నుంచి ఒక మెట్టు తగ్గించండి. సామాను మారినా వాన పడినా మళ్లీ సరిచూసుకోవాలి. ఎంత పెంచినా ట్రెయిలర్ పట్టుకోవట్లేదంటే డ్రమ్ములో షూ అరిగి ఎడం పెరిగిందని అర్థం, వెనక ఉన్న చిన్న కంతలోంచి స్టార్ వీల్ తిప్పి బిగించాలి. మామూలు ఎలక్ట్రిక్ డ్రమ్ములకి 3,000 మైళ్లకోసారి ఈ పని చేయమని యాక్సిల్ తయారీదార్లే చెబుతారు, చేసేవాళ్లు ఎంతమందో దేవుడికెరుక.

పెడల్ మెత్తబడిందన్నారు కాబట్టి బ్రేక్ ఫ్లూయిడ్ మార్పించండి, ఇది మాత్రం వాయిదా వేయొద్దు. అది గాల్లో తేమ పీలుస్తుంది, వేడెక్కితే లోపలి నీరు ఆవిరవుతుంది, ఆవిరి మీద తొక్కితే పెడల్ కిందికి పోతుంది గానీ బ్రేకు పడదు. కొండల్లో తిరిగే బండికి రెండేళ్లకోసారి మార్చడం మంచిది. ఇవన్నీ అయ్యాక కూడా డబ్బు పెట్టాలనే ఉంటే ట్రక్కుకి కాదు, ట్రెయిలర్‌కి ఎలక్ట్రిక్ ఓవర్ హైడ్రాలిక్ (కరెంటు సిగ్నల్‌తో ఫ్లూయిడ్ ఒత్తిడి పుట్టించే) డిస్క్ బ్రేకులు వేయించండి. ఇన్నేళ్లలో వచ్చిన అప్‌గ్రేడుల్లో నాకు నచ్చినది అదే.

ప్రశ్న: మా ఆఫీసులో ఒకాయన డీపీఎఫ్ (పొగలో మసి పట్టే ఫిల్టర్), డెఫ్ (పొగని శుద్ధి చేసే యూరియా ద్రవం) అన్నీ తీయించేసి ట్యూన్ కొట్టించాడు (ఇంజిన్ కంప్యూటర్ ప్రోగ్రామ్ మార్పించాడు), మైలేజీ బాగా పెరిగిందంటాడు. నా 2019 ఎఫ్-250కి నెలకోసారి ఫిల్టర్ క్లీనింగ్ మెసేజ్ వస్తోంది, చిరాకొస్తోంది. నేనూ తీయించేయనా? (షార్లట్, నార్త్ కరోలినా)

జవాబు: వద్దు. క్లీన్ ఎయిర్ యాక్ట్ ప్రకారం అది చట్టవిరుద్ధం, తీసిన షాపుకీ కిట్ అమ్మినవాడికీ కూడా వేల డాలర్ల చొప్పున జరిమానాలు పడ్డాయి. పదేళ్లలో ఐదున్నర లక్షలకి పైగా డీజిల్ పికప్‌లకి ఇలా పీకేశారని పర్యావరణ సంస్థ ఈపీఏనే 2020లో లెక్క చెప్పింది, కాబట్టి మీ ఆఫీసాయన ఒంటరివాడేం కాదు. అయినా రేపు అమ్మబోతే డీలర్ తీసుకోడు, వారంటీ పోతుంది, మంచి షాపులు ఆ బండిని ముట్టుకోవడానికే ఇష్టపడవు. మీ ఫోర్డ్ డీజిల్ ఇంజిన్‌కి వారంటీ 5 ఏళ్లు లేదా 1,00,000 మైళ్లు, మీకది ముగిసి ఉండొచ్చు. తర్వాత కొనేవాడికి మాత్రం పీకేసిన బండి అని తెలిస్తే ధర పడిపోతుంది.

అసలు మెసేజ్ ఎందుకొస్తోందో చూడండి. ఫిల్టర్‌లో మసి పేరుకుంటుంది, దాన్ని కాల్చాలంటే సైలెన్సర్ లోపల వెయ్యి డిగ్రీల ఫారెన్‌హీట్ దాటాలి. బరువు లాగుతూ హైవే మీద పోయే బండికి ఆ వేడి దానంతటదే వస్తుంది, తెలియకుండానే కాలిపోతుంది. ఇంటి నుంచి ఆఫీసుకి ఐదు మైళ్లు, దారిలో కాఫీ, సాయంత్రం సాకర్ ప్రాక్టీసు, ఇలా తిరిగే డీజిల్‌కి రాదు. మధ్యలో ఇంజిన్ ఆపేసిన ప్రతిసారీ సగం కాలిన పని అలాగే మిగిలిపోతుంది. పైగా మీ ఇంజిన్‌లో ఆ కాల్చడానికి అదనపు డీజిల్‌ని సిలిండర్లలోకే చల్లుతారు, అందులో కొంత గోడల వెంట కారి ఆయిల్లో కలుస్తుంది. క్లీనింగ్ మొదలైందని మెసేజ్ కనిపిస్తే ఇంకో 20 నిమిషాలు హైవే ఎక్కి తిరిగి రండి, మసాలా దోశ పార్సిల్ తెచ్చుకోవడానికి మంచి సాకు. నెలకి ఒక్కసారన్నా ట్రెయిలర్ తగిలించండి. ఏడాదికి రెండుసార్లు మాత్రమే లాగేవాళ్లకి అసలు డీజిల్ దేనికి అని నాకెప్పుడూ అనుమానమే. గ్యాస్ ఇంజిన్ ట్రక్ వేల డాలర్లు తక్కువకొస్తుంది, పేలోడ్ (బండి మోయగల బరువు) కూడా ఎక్కువ ఉంటుంది.

డెఫ్ గురించి కూడా కొందరు అడిగారు. అది 32.5 శాతం యూరియా, మిగిలినది శుద్ధి చేసిన నీరు. 12 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర గడ్డకడుతుంది, ట్యాంకులో హీటర్ ఉంటుంది కాబట్టి కంగారు అక్కర్లేదు. ఎండకి మాత్రం పాడవుతుంది, టెక్సాస్, అరిజోనా గరాజ్‌ల్లో రెండు వేసవులు గడిచిన డబ్బా వాడకండి, డబ్బా మీద తేదీ చూడండి. ట్రక్ స్టాప్ పంపు దగ్గర పట్టించుకుంటే డబ్బాల కన్నా చవకా తాజా కూడా. నీలం మూత ఉన్నచోట మాత్రమే పోయాలి, డీజిల్ ట్యాంకులో పడితే ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఫోన్ తీయండి.

ప్రశ్న: నమస్తే అండీ. నేనూ మా ఆయనా దోశ ఫుడ్ ట్రెయిలర్ నడుపుతున్నాం, ర్యామ్ 2500తో గుళ్లకీ ఉగాది, బతుకమ్మ మేళాలకీ న్యూజెర్సీ నుంచి పెన్సిల్వేనియా, డెలావేర్ కూడా తీసుకెళ్తాం. 55 మైళ్లు దాటితే ట్రెయిలర్ తోకలా ఊగుతోంది. షాక్ అబ్జార్బర్లు మార్చాలా? (ఎడిసన్)

జవాబు: అమ్మా, షాక్‌ల దాకా వెళ్లకముందు ట్రెయిలర్ లోపల ఏది ఎక్కడ పెట్టారో చూడండి. బరువులో 60 శాతం చక్రాలకి ముందు, ట్రక్కు వైపు ఉండాలి. ఫుడ్ ట్రెయిలర్లలో నీళ్ల ట్యాంకులు, ఫ్రిజ్ తరచూ వెనక చివరలో ఉంటాయి. గ్యాలను నీళ్లు 8.3 పౌండ్లు, 50 గ్యాలన్ల ట్యాంకు నింపుకుని బయల్దేరితే తోక మీద 400 పౌండ్లకి పైగా వేలాడుతున్నట్టే. వీలుంటే నీళ్లు అక్కడికి వెళ్లాక నింపుకోండి, వాడిన నీళ్లు బయల్దేరే ముందే డంప్ చేయండి. గ్రైండర్లు, పిండి బకెట్లు, బియ్యం బస్తాలు ముందు గోడ దగ్గరికి జరిపి కట్టేయండి. తర్వాత టంగ్ వెయిట్ తూయించి 12, 13 శాతం దగ్గరికి తెచ్చుకుంటే ఊగడం చాలావరకు ఆగిపోతుంది.

ట్రెయిలర్ టైర్లు కూడా చూడండి. పక్క గోడ మీద డాట్ అక్షరాల చివర నాలుగంకెలు ఉంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం. ట్రెడ్ ఎంత కొత్తగా కనిపిస్తున్నా ఐదారేళ్లు దాటిన ట్రెయిలర్ టైరుని నమ్మకండి. స్పీడ్ రేటింగ్ ఏమీ రాసిలేని ఎస్‌టీ (ట్రెయిలర్ కోసమే చేసిన) టైరుకి 65 మైళ్లే హద్దు. ఎప్పుడైనా ఊగడం మొదలైతే కాలు బ్రేకు మీద వేయొద్దు, స్టీరింగ్‌తో కొట్లాడొద్దు, యాక్సిలరేటర్ నెమ్మదిగా వదిలి ట్రెయిలర్ బ్రేకు మీట చేత్తో నొక్కండి, వెనక నుంచి సాగదీసినట్టు తిన్నగా వస్తుంది.

మీరు అడగలేదు గానీ చెప్పాలి. వ్యాపారానికి రాష్ట్రాల సరిహద్దు దాటుతున్నారు, బండీ ట్రెయిలరూ కలిపి రేటింగ్ 10,000 పౌండ్లు దాటితే యూఎస్‌డాట్ నంబరు (అమెరికా రవాణా శాఖ రిజిస్ట్రేషన్) తీసుకోవాలి. ర్యామ్ 2500 ఒక్కటే 10,000 దగ్గర ఉంటుంది కాబట్టి మీరు దాటేసినట్టే. ఇన్సూరెన్స్ కూడా కమర్షియల్ ఉండాలి, సొంత కారు పాలసీ మీద నడిపిస్తుంటే ప్రమాదం జరిగిన రోజు వాళ్లు చేతులెత్తేస్తారు.

ప్రశ్న: 2016 ర్యామ్ 2500 కమిన్స్, 95,000 మైళ్లు. అప్‌గ్రేడ్‌లకి 3,000 డాలర్లు పక్కన పెట్టాను. కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్, ట్యూనర్, లెవలింగ్ కిట్ అనుకుంటున్నా. ఏది ముందు? (ఆస్టిన్)

జవాబు: మూడూ వద్దు. లెవలింగ్ కిట్‌తో బండి ముక్కు లేస్తుంది, ట్రెయిలర్ తగిలించగానే ఇంకా లేస్తుంది, రాత్రి ఎదురొచ్చేవాళ్ల కళ్లలోకి మీ హెడ్‌లైట్లు. ఇన్‌టేక్ వల్ల శబ్దం బాగుంటుంది. ట్యూనర్ సంగతికొస్తే, ఆ కమిన్స్ ఇంజిన్ తట్టుకుంటుంది, వెనకున్న 68ఆర్‌ఎఫ్‌ఈ గేర్‌బాక్స్ తట్టుకోదు, బరువు లాగేటప్పుడు టార్క్ పెంచితే క్లచ్చులు జారి అదే ముందు పోతుంది.

ఆ డబ్బుతో ట్రాన్స్‌మిషన్ ఆయిలూ రెండు ఫిల్టర్లూ మార్పించండి, ఏటీఎఫ్+4 తప్ప వేరేది పోయనివ్వొద్దు. డ్యాష్‌లో ట్రాన్స్‌మిషన్ వేడి చూపించే పేజీ ఉంటుంది, లాగేటప్పుడు అదే తెరిచిపెట్టుకోండి. 67,500 మైళ్లకి క్రాంక్‌కేస్ వెంటిలేషన్ ఫిల్టర్ మార్చాలి, వాల్వ్ కవర్ మీద ప్లాస్టిక్ మూత కింద ఉంటుంది, ముందు ఓనరు మార్చాడో లేదో కనుక్కోండి. ఇంకొకటి ఇంటర్నెట్లో గోల గోలగా ఉంటుంది గానీ ఇది నిజమైన గోలే. చలికి గాలిని వేడి చేసే గ్రిడ్ హీటర్ బోల్టు ఏళ్ల తరబడి కాలి కాలి సన్నబడి, ఊడి, తిన్నగా ఆరో సిలిండర్లో పడుతుంది. కంపెనీ 2025 మోడల్లో ఆ హీటరే తీసేసి గ్లో ప్లగ్గులు పెట్టింది. దాన్ని విప్పించి చూడటం, మంచి రకం బోల్టు కిట్ వేయించడం 3,000లో తేలిగ్గా పడతాయి. మిగిలినదానితో లోడ్ రేంజ్ 'E' (ఎక్కువ బరువు మోసే రకం) టైర్లు తీసుకోండి, ఉన్నవి ఆరేళ్లవైతే.

ప్రశ్న: క్రిస్మస్ సెలవులకి డాలస్ నుంచి మినియాపొలిస్ ట్రెయిలర్‌తో వెళ్తున్నాం. డీజిల్ గడ్డకడుతుందా? (ప్లేనో)

జవాబు: డాలస్‌లో నింపిన డీజిల్ అయితే కట్టొచ్చు. అది వెచ్చటి చోటుకి తగ్గ నంబర్ 2 డీజిల్, చలికి అందులో మైనం తెల్లగా విడిపోయి ఫిల్టర్‌ని మూసేస్తుంది. అందుకని నిండు ట్యాంకుతో ఉత్తరానికి పోకండి. కాన్సస్ దాటేసరికి ట్యాంకు బాగా తగ్గేలా చూసుకుని అయోవాలో నింపండి, అక్కడి బంకులు చలికాలంలో నంబర్ 1 కలిపిన డీజిల్ అమ్ముతాయి. యాంటీ జెల్ సీసా డీజిల్ ఇంకా పల్చగా ఉండగానే పోయాలి, గడ్డకట్టాక పోసి లాభం లేదు, దానికి వేరే మందు. కొత్త ఫ్యూయల్ ఫిల్టర్ ఒకటీ అది విప్పే సాకెట్టూ బండిలో పెట్టుకోండి. చుట్టాలింటికి చేరాక బంపర్ దగ్గరున్న బ్లాక్ హీటర్ వైరు ప్లగ్‌లో పెట్టండి, బయల్దేరడానికి మూడు నాలుగు గంటల ముందు చాలు, రాత్రంతా అక్కర్లేదు.

ప్రశ్న: ఫోర్డ్ 6.7కి ఇంట్లోనే ఆయిల్ మారుద్దామనుకుంటున్నా. ఏ ఆయిల్, ఎంత? (తాంపా)

జవాబు: 13 క్వార్టులు. ఒక గ్యాలన్ డబ్బాలు మూడు, పైన ఒక క్వార్టు కొంటే సరిగ్గా సరిపోతుంది. బరువు లాగుతారు కాబట్టి 5డబ్ల్యూ-40 తీసుకోండి, ఫ్లోరిడా ఎండకి అదే నయం. డబ్బా వెనక సీకే-4 (డీజిల్ ఆయిల్ గ్రేడు) అని ఉంటే సరిపోదు, ఫోర్డ్ స్పెసిఫికేషన్ డబ్ల్యూఎస్‌ఎస్-ఎమ్2సీ171-ఎఫ్1 అని కూడా ఉందేమో చదివి తీసుకోండి. ఎఫ్ఏ-4 అని రాసి ఉన్నది మాత్రం ఈ ఇంజిన్‌కి కాదు. మామూలు కారు డ్రెయిన్ పాన్ చాలదు, 13 క్వార్టులు ఒక్కసారిగా దూకుతుంది, డ్రైవ్‌వే నల్లబడితే హెచ్‌ఓఏ వాళ్ల ఉత్తరం గ్యారంటీ, కనీసం 16 క్వార్టుల పాన్ కొనండి. పాత ఆయిల్ ఆటో పార్ట్స్ షాపుల్లో ఊరికే తీసుకుంటారు.